నాలుగో వరుస

వారమంతా లడ్లోలో జనం కళ్లు పరీక్షిస్తాను.
గడ్డం ఇక్కడ ఆనించండి. రెప్ప వేయకండి.
ఈ కింది వరుస చదవగలరా?
శనివారం మాత్రం
ఆకాశం నన్ను కూర్చోబెట్టి అడుగుతుంది.

దాని పట్టిక వేరు.
మొదటి వరుస, పచ్చిక రన్‌వే చివరనున్న ముళ్లకంచె.
రెండోది, గొర్రెల మందకు అవతల నీళ్ల ట్యాంకు.
మూడోది ఊరి చర్చి గోపురం.
నాలుగోది, క్లీ కొండ నెత్తిన
బోర్లించిన గిన్నెలాంటి తెల్ల రాడారు గుండు.
నాలుగూ చదివితేనే ఐవర్ బెబ్ తాళం ఇస్తాడు.
మూడున్నర చదివానంటే
"ఆ అర నువ్వు ఊహించుకున్నది" అంటాడు.
నా దుకాణంలో నేననే మాటే అది,
ఎప్పుడు దొంగిలించాడో.

సెప్టెంబరు నుంచీ డైరీలో రాస్తున్నాను.
ఒక శనివారం గాలి. ఎదురుగా వస్తే సర్దుకోవచ్చు,
అడ్డంగా వచ్చింది.
గాలిసంచి బిగుసుకుని కంచెకేసి వేలు చూపిస్తూ నిలబడింది.
తర్వాత ముసురు.
తర్వాత కూడా ముసురే.
ఆ పైవారం వాన లేదు, కానీ నేలంతా చిత్తడి,
చక్రాలు సగం దాకా బురదలో,
ట్రాక్టరుతో లాగి షెడ్లో పెట్టాం.
ఒకరోజు నీలంగా తెల్లారింది!
రెక్కల మీద పేరిన మంచును
చీపురుతో రాల్చి, పాత తువాలుతో తుడిచి,
చేతులు కొంకర్లు పోయి తలెత్తేసరికి
పొలాల్లోంచి పొగమంచు లేచి
గొర్రెల్ని ఒక్కొక్కటిగా మింగేస్తోంది.

మనకు ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు.
చిత్త తన చిత్తం వచ్చినచోట కురుస్తుందని
అందరికీ తెలుసు, ఎవరూ తగువు పెట్టుకోరు.
ఇక్కడ ఏడాది పొడవునా ఒకటే కార్తె.
నక్షత్రం ఏదో కనబడక
పేరు పెట్టలేకపోయారు.

పోయిన శనివారం నాలుగు వరుసలూ చదివాను,
గడగడా, బడిపిల్లలా.
రెండు సీట్ల సెస్నా, పక్క సీట్లో నా కోటు.
చక్రాల చప్పుడు ఆగిపోయే ఆ ఒక్క క్షణం కోసం
రెండున్నర నెలలు ఎదురుచూశానా, చూశాను.
కింద టీమ్ నది, పారేసుకున్న రిబ్బను.
పన్నెండు వందల అడుగులు.
కార్బురేటరుకు వేడి పంపే పిడి లాగి, మళ్లీ నెట్టి,
తలెత్తితే
గుండు లేదు.

మబ్బు గోడలా వస్తుందనుకునేదాన్ని.
కాదు. శుక్లంలా వస్తుంది.
కమ్ముకుందని ఆఖరున తెలిసేది కంటికే.
కొండ భుజం ఉందా, ఉంది. ఉన్నట్టుంది.
"నా దారి నాకు తెలుసు,"
పైకే అన్నాను, ఇంజను హోరులో.

ఆ గొంతు నాది కాదు.
మంగళవారం నా కుర్చీలో కూర్చున్న హాలెట్ గారిది.
ఎనభై ఒకటో ఏడు, పై నుంచి రెండో వరుస దగ్గరే తడబాటు.
వ్యాను తోలడం ఆపాలండీ అన్నందుకు
టోపీ నలుపుతూ, నా ముఖం పక్కనెక్కడో చూస్తూ
"అరవై ఏళ్ల నుంచి అదే రోడ్డు, నా దారి నాకు తెలుసు" అన్నారు.
ఎంత ఓపికగా నచ్చజెప్పాను ఆయనకు!
ఎంత తేలిక, నేలమీద,
దీపం వెలుగులో.

ఎడమకు వంచాను.
కొండ ఎక్కడికీ పోదు, అది నాకు కనబడనంతసేపూ
దాని చోటు దానిదే.
గోపురం. ట్యాంకు. కంచె.
పట్టికను కిందినుంచి పైకి చదువుకుంటూ దిగాను.

ఐవర్ గడియారం చూసి ఏమీ అడగలేదు.
మేదిని అంటే నేల అని చెప్పిన దగ్గర్నుంచీ
నా పేరు మీద అతనికి మహా నమ్మకం.
లాగ్‌బుక్కులో పదకొండు నిమిషాలు రాశాను.
అప్పటికి కంచె మీద చినుకులు.

రాయనిది ఒకటుంది.
దిగేముందు, రెక్క కింద,
హాలెట్ గారి పెరట్లో
ఆకుపచ్చ వ్యాను.
టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా
ఇటుకలు పెట్టి ఉంది.